లైన్ గ్రాఫ్‌కి ఏ లైబ్రరీ? ముందు మీ డేటా నడక చూడండి

గుంటూరు పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను రాసిన డెస్క్‌టాప్ అప్లికేషన్ నడుస్తోంది. గదికి కొన్ని సెన్సర్లు, పది సెకన్లకో రీడింగ్, తెర మీద లైన్ గ్రాఫ్. ఏడాది తిరిగాక అక్కడి ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"బాబూ, మొన్న మార్చిలో లోడు దించేటప్పుడు హమాలీలు మూడో గది తలుపు ఇరవై నిమిషాలు తీసే ఉంచారు. నా కళ్లతో నేను చూశా. నీ గ్రాఫులో ఆ ముక్కే లేదేంది?"

"ఉంటుంది బాబాయ్, ఆ రోజు మీదకి జూమ్ చేసి చూడు" అన్నాను. చేశాడు. ఉంది. ఆరు డిగ్రీల దగ్గర పడుకున్న గీత పద్నాలుగు దాకా లేచి, మళ్లీ దిగింది. ఏడాది మొత్తం చూపించినప్పుడు మాత్రం దాని జాడ లేదు.

"ఎక్కడుందో ముందే తెలిస్తేనే కనపడుద్దా? మరి గ్రాఫెందుకయ్యా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పటిదాకా గ్రాఫ్ లైబ్రరీని (గ్రాఫ్ గీసిపెట్టే రెడీమేడ్ కోడ్‌ని) నేనూ అందరిలాగే ఎంచుకునేవాణ్ణి. వెబ్‌సైట్‌లో గ్యాలరీ చూడటం, ఏది అందంగా ఉంటే అది దించుకోవడం. ఆ ఫోన్ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. డేటా ఫైలు నుంచి పిక్సెల్ దాకా వెళ్లే దారిలో లైబ్రరీ ఆ డేటాని ఏం చేస్తుందో ముందు చూస్తాను. రంగులు, యానిమేషన్లు ఆ తర్వాత.

తలుపు ఎలా మాయమైంది

పది సెకన్లకో రీడింగ్ అంటే రోజుకి 8,640. ఏడాదికి ఒక్క సెన్సర్‌కే 31,53,600. గ్రాఫ్ గీసే జాగా వెడల్పు 1,600 పిక్సెళ్లు అనుకుందాం. ఏడాదంతా ఒకేసారి చూపిస్తే ఒక్కో నిలువు పిక్సెల్ వరసలో దాదాపు 1,971 రీడింగులు పడతాయి. అంటే ఐదున్నర గంటల కాలం ఒక్క పిక్సెల్ వెడల్పులో ఇరుక్కుంటుంది. ఆ ఐదున్నర గంటలకి ఏ విలువ చూపించాలి?

నేను చేసిన తెలివైన పని ఏంటంటే, ప్రతి 1,971 రీడింగుల్లో మొదటిది ఉంచి మిగతావి వదిలేయడం. ఇరవై నిమిషాలంటే 120 రీడింగులు. వాటిలో ఒకటి నా ఎంపికలో పడే అవకాశం పదహారింట ఒకటి. పోనీ సగటు తీసుంటే? ఎనిమిది డిగ్రీలు పెరిగిన ఆ ఇరవై నిమిషాలు ఐదున్నర గంటల్లో కరిగిపోయి, సగటు అర డిగ్రీ కూడా లేవదు. ఒక్కో వరసలో కనిష్ఠం, గరిష్ఠం రెండూ పట్టుకుని వాటి మధ్య నిలువు గీత గీస్తేనే తలుపు సంగతి బయటపడుతుంది. దీన్నే మిన్-మ్యాక్స్ డెసిమేషన్ అంటారు. పాయింట్లను పలచన చేయడమే, కాకపోతే కొసలు పోకుండా.

ఇంకో పద్ధతి పేరు కూడా మీకు తగులుతుంది: ఎల్‌టీటీబీ (లార్జెస్ట్ ట్రయాంగిల్ త్రీ బకెట్స్). 2013లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయంలో స్వేన్ స్టెయినార్సన్ తన ఎమ్మెస్సీ థీసిస్‌లో దీన్ని ప్రతిపాదించారు. పక్క పాయింట్లతో కలిపి గీసిన త్రిభుజంలో ఏ పాయింట్ ఎక్కువ వైశాల్యం ఇస్తే దాన్ని ఉంచుతుంది. తక్కువ పాయింట్లతోనే గీత ఆకారం కంటికి నిండుగా వస్తుంది. రిపోర్టులో, డాష్‌బోర్డులో బాగుంటుంది. కానీ ఒక్కో బుట్ట (వరసగా వచ్చే కొన్ని రీడింగుల గుంపు) నుంచి ఒక్క పాయింటే తీసుకుంటుంది. అది ఆ బుట్టలోని గరిష్ఠమే అవ్వాలన్న హామీ లేదు. హద్దు దాటిందా లేదా అని చూసే గ్రాఫ్‌కి నేను మిన్-మ్యాక్సే వాడతాను.

లైబ్రరీ పేరు తలచుకునే ముందు

మీ డేటా గురించి నాలుగు సంగతులు తెలియాలి. రీడింగులు సమాన విరామంతో వస్తాయా, ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయా? గ్రాఫ్ చూస్తుండగానే డేటా పెరుగుతుందా, లేక పాత ఫైలు తెరిచి చూసుకోవడమేనా? మధ్యలో ఖాళీలు ఉంటాయా? చివరిది, చాలామంది మరిచిపోయేది: వాడేవాడు గ్రాఫ్‌ని చూస్తాడా, ముట్టుకుంటాడా? ముట్టుకోవడం అంటే ఒక చోట విలువ చదవడం, రెండు గీతల మధ్య భాగం ఎంచుకుని సగటు అడగడం, తప్పుడు రీడింగ్‌ని పట్టుకుని తీసేయడం. చూసేవాడికి ఏ లైబ్రరీ అయినా సరిపోతుంది. ముట్టుకునేవాడి దగ్గరే తేడాలు బయటపడతాయి.

పైథాన్‌లో అయితే

ఇక్కడ పోటీ ప్రధానంగా రెండింటి మధ్యే. జాన్ హంటర్ మొదలుపెట్టి 2003లో విడుదల చేసిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఒకటి, ల్యూక్ కంపాన్యోలా మొదలుపెట్టిన పైక్యూటీగ్రాఫ్ రెండోది.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ అచ్చుకి వెళ్లే బొమ్మ కోసం పుట్టింది. పీడీఎఫ్, ఎస్‌వీజీ దాని ఇంటి భాష. అక్షరాల సైజు దగ్గర్నుంచి అక్షం మీద గాటు పొడవు దాకా ప్రతిదీ మీ చేతిలో ఉంటుంది. కిటికీలు, బటన్లు కట్టే టూల్‌కిట్లలో టికింటర్‌తో అప్లికేషన్ రాస్తుంటే పెద్దగా ఆలోచించకండి, ఇదే. పైక్యూటీగ్రాఫ్‌కి క్యూటీ అనే ఇంకో టూల్‌కిట్ ఉండాల్సిందే. మ్యాట్‌ప్లాట్‌లిబ్ టికింటర్‌లోనూ క్యూటీలోనూ కూర్చుంటుంది. కంటికి తేడా తెలియని గీత ముక్కలను అది తనంతట తానే సరళం చేసుకుంటుంది కూడా.

కానీ మౌస్ కదిలిన ప్రతిసారీ మొత్తం బొమ్మని మళ్లీ గీయించారంటే సెకనుకి నాలుగైదు ఫ్రేములతో ఎడ్లబండిలా నడుస్తుంది. దీనికి బ్లిట్టింగ్ అనే ఉపాయం ఉంది: కదలని భాగాన్ని ఒకసారి బొమ్మగా దాచుకుని, కదిలే క్రాస్‌హెయిర్ గీతను మాత్రం దాని మీద గీయడం. దాని కర్సర్ విడ్జెట్‌లో, స్పాన్ సెలెక్టర్‌లో ఈ సదుపాయం ఇచ్చారు. ఆన్ చేయడం మరిచిపోతే మాత్రం తప్పు లైబ్రరీది కాదు. ఇంకొకటి: కొత్త రీడింగ్ వచ్చిన ప్రతిసారీ ప్లాట్ ఫంక్షన్‌ని మళ్లీ పిలిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పిలిచిన ప్రతిసారీ కొత్త గీత పుడుతుంది, పాతది కిందే ఉంటుంది. సాయంత్రానికి వేల గీతలు ఒకదాని మీద ఒకటి. ఉన్న గీతకే డేటా మార్చాలి.

పైక్యూటీగ్రాఫ్ తెర కోసమే పుట్టింది. ఎడమ బటన్‌తో లాగితే గ్రాఫ్ జరుగుతుంది, కుడి బటన్‌తో లాగితే స్కేలు మారుతుంది, చక్రం తిప్పితే జూమ్. మీరు ఒక్క లైను రాయకుండానే ఇవన్నీ వస్తాయి. భాగం ఎంచుకోవడానికి రీజియన్ ఐటెమ్ ఉంది, రెండు చివర్లు పట్టుకుని లాగొచ్చు. సమయం అక్షానికి డేట్ యాక్సిస్ ఐటెమ్ ఉంది. సెన్సర్ డేటా, లైవ్ డేటా అంటే నా ఓటు దీనికే.

అయితే దీంట్లో అందరూ జారిపడే చోటు ఒకటుంది. కనిపించే భాగాన్నే గీయమనే సెట్టింగు, పాయింట్లను తనే పలచన చేసుకోమనే సెట్టింగు, రెండూ మొదట ఆఫ్‌లో ఉంటాయి. ఆన్ చేయకుండా ముప్పై లక్షల పాయింట్లు ఇచ్చి "ఇది కూడా స్లోనే" అని వదిలేసినవాళ్లు నాకు తెలుసు. ఆన్ చేసేటప్పుడు పద్ధతి అడుగుతుంది: సబ్‌శాంపుల్, మీన్, పీక్. మొదటి రెండింటి సంగతి పైన తలుపు దగ్గర చూశాం. పీక్ పెట్టండి. గీత మందం ఒక పిక్సెల్‌కే ఉంచండి; మందం పెంచితే క్యూటీ గీసే వేగం బాగా పడిపోతుంది. ఈ రెండు సెట్టింగులూ సమయం వరస క్రమంలో ఉందనుకునే పనిచేస్తాయి. డేటా అటూ ఇటూ ఉంటే ముందు సార్ట్ చేసి ఇవ్వాలి.

ఇంకో చిన్న మెలిక. పీక్ పద్ధతిలో గీసిన పాయింట్లు అసలు పాయింట్లు కావు. కనిష్ఠం, గరిష్ఠం నిజమే గానీ అవి వచ్చిన క్షణాన్ని బుట్టకి సరిపెట్టి గీస్తుంది. కాబట్టి మౌస్ కింద విలువ చూపించేటప్పుడు గీతని అడగొద్దు, మీ దగ్గరున్న అసలు ఎరేని (మెమరీలో ఉన్న రీడింగుల వరసని) అడగండి. సమయం వరసలో ఉంటుంది కాబట్టి బైనరీ సెర్చ్ చాలు. పది లక్షల రీడింగుల్లో కావాల్సినదాన్ని ఇరవై పోలికల్లో పట్టేస్తుంది. పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో దానికి సెర్చ్‌సార్టెడ్ అని సిద్ధంగా ఉంది.

డాట్ నెట్‌లో అయితే

విండోస్ మెషీన్ల పక్కన కూర్చునే సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఇప్పటికీ సీ షార్ప్‌లోనే. ఇక్కడ ఎంపికలు ఎక్కువ.

విన్‌ఫార్మ్స్‌తో వచ్చిన పాత చార్ట్ కంట్రోల్ ఇంకా కొన్ని ప్రాజెక్టుల్లో బతికే ఉంది. డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉండిపోయే చిన్న పనికి పర్లేదు, ఫాస్ట్‌లైన్ రకం పెట్టుకుంటే వేలల్లో పాయింట్లు లాగుతుంది. కొత్త డాట్ నెట్‌కి మారే ఆలోచన ఉంటే దాని మీద కొత్త కోడ్ రాయకండి.

స్కాట్‌ప్లాట్ నాకు నచ్చింది, ఒకే ఒక్క కారణానికి: డేటా నడకని అది మిమ్మల్నే అడుగుతుంది. సమాన విరామంతో వచ్చే డేటాకి సిగ్నల్. సమయం పెరుగుతూ పోతుంది గానీ విరామం సమానం కాదంటే సిగ్నల్ ఎక్స్‌వై. ఏ వరసా లేకపోతే స్కాటర్. పెరుగుతూ పోయే లైవ్ డేటాకి డేటా లాగర్. వెడల్పు మారకుండా పాతది తుడుచుకుంటూ పోవాలంటే డేటా స్ట్రీమర్. అన్నింటికీ స్కాటర్ వాడేసి తర్వాత బాధపడేవాళ్లే ఎక్కువ. సిగ్నల్ రకం లక్షల పాయింట్లను చెమట పట్టకుండా గీస్తుంది, ఎందుకంటే ఫలానా సమయం ఎరేలో ఎక్కడుందో వెతకాల్సిన పని లేదు, భాగిస్తే వచ్చేస్తుంది.

కానీ అక్కడే ప్రమాదం కూడా. సిగ్నల్‌కి మీరిచ్చేది మొదలైన సమయం, విరామం, విలువల వరస. అంతే. రాత్రి కరెంటు పోయి గంటసేపు లాగర్ (రీడింగులు నమోదు చేసే పరికరం) ఆగిపోయిందనుకోండి, ఆ గంట రీడింగులు ఎరేలో లేవు. అప్పుడు కరెంటు వచ్చాక నమోదైనవన్నీ గ్రాఫ్‌లో గంట ముందుకి జరిగిపోతాయి. గ్రాఫ్ నున్నగా, ఏ అనుమానం రాకుండా ఉంటుంది. తెల్లవారుజామున ఆరింటికి జరిగింది ఐదింటికి జరిగినట్టు కనిపిస్తుంది. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసి కూడా సిగ్నల్ వాడాలంటే, ఖాళీలు లేవని కోడ్‌తో సరిచూసుకున్నాకే. లేదంటే సిగ్నల్ ఎక్స్‌వై. ఖాళీ ఖాళీలా కనపడాలంటే అక్కడ గీతని తెంపి రెండు సిరీస్‌లుగా ఇవ్వండి.

నెట్‌లో స్కాట్‌ప్లాట్ కోడ్ కాపీ చేసేటప్పుడు వెర్షన్ చూసుకోండి. నాలుగో వెర్షన్‌కీ ఐదో వెర్షన్‌కీ మధ్య ఫంక్షన్ల పేర్లే మారిపోయాయి. పాత జవాబు కొత్తదాంట్లో కంపైల్ కూడా అవ్వదు. ఏఐ రాసిచ్చే కోడ్‌లోనూ ఈ రెండూ కలిసిపోయి వస్తుంటాయి. ఇంకోటి, లైవ్ డేటా వేరే థ్రెడ్ నుంచి వస్తుంటే ప్లాట్‌కి లాక్ వేశాకే డేటా మార్చాలి. వేయకపోతే మధ్యాహ్నం దాకా బాగానే నడిచి, కస్టమర్ ముందు పడిపోతుంది.

ఆక్సీప్లాట్ వేరే స్వభావం. విండోస్ తెరలు కట్టే డబ్ల్యూపీఎఫ్‌లో, డేటానీ తెరనీ విడిగా ఉంచే ఎంవీవీఎం పద్ధతిలో రాసేవాళ్లకి చేతికి అందివచ్చినట్టు ఉంటుంది, ఎందుకంటే గ్రాఫ్ మొత్తం ఒక మోడల్ వస్తువు. గీత మీద ఎడమ క్లిక్ చేస్తే విలువ చూపించే ట్రాకర్ దాంతోనే వస్తుంది. వేలల్లో, కొన్ని పదుల వేలల్లో పాయింట్లుండే ల్యాబ్ రిపోర్టులకి ఇది హాయి. లైన్ సిరీస్‌కి డెసిమేటర్ తగిలించుకోవచ్చు, దానంతట అది రాదు. జరపడం కుడి బటన్‌తో అనేది మాత్రం కొత్తవాళ్లకి తికమక. అందరూ ఎడమ బటన్‌తోనే లాగుతారు. బటన్లు మార్చుకునే వీలుంది, నేను మొదటి రోజే మార్చేస్తాను.

లైవ్‌చార్ట్స్ రెండో వెర్షన్ అందగత్తె. గీత అలలా కదులుతూ వస్తుంది. మేనేజర్‌కి చూపించే డెమోలో అందరూ దాన్నే మెచ్చుకుంటారు. నెలకో పాయింట్ ఉండే అమ్మకాల గ్రాఫ్‌కి తప్పకుండా వాడండి. సెన్సర్ డేటాకి వద్దు. రీడింగ్ ఆరు నుంచి పద్నాలుగుకి మెత్తగా జారుతూ వెళ్లినట్టు చూపించే యానిమేషన్ అబద్ధం చెప్తుంది, ఆ మధ్య విలువలు సెన్సర్ ఎప్పుడూ చూడలేదు. గీతని నునుపు చేసే స్మూతింగ్ కూడా అలాంటిదే. వాడక తప్పకపోతే ఆ రెండూ సున్నా చేయండి.

డబ్బు పెట్టగలిగిన పని అయితే సైచార్ట్ లాంటి వాణిజ్య కంట్రోళ్లున్నాయి. కోట్ల పాయింట్లు, పది పదిహేను గ్రాఫులు ఒకదానితో ఒకటి కలిసి జూమ్ అవ్వడం లాంటివి నిజంగా కావాలంటే మనం ఆర్నెల్లు కూర్చుని రాసే బదులు కొనడమే చవక.

సీ ప్లస్ ప్లస్, జావా, బ్రౌజర్

క్యూటీతో సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లకి నా సలహా క్యూకస్టమ్‌ప్లాట్. రెండే ఫైళ్లు, ప్రాజెక్టులో పడేస్తే చాలు. పలచన చేసే పని అడాప్టివ్ శాంప్లింగ్ పేరుతో మొదట్నుంచే ఆన్‌లో ఉంటుంది. విలువ స్థానంలో నాన్ (NaN, అంటే 'సంఖ్య కాదు' అనే గుర్తు) ఇస్తే అక్కడ గీత తెగుతుంది. గీతని అంటిపెట్టుకుని తిరిగే ట్రేసర్ ఉంది. క్యూటీ చార్ట్స్ చూడటానికి బాగుంటుంది గానీ పాయింట్లు పెరిగేకొద్దీ బరువెక్కుతుంది. ఓపెన్‌జీఎల్ ఆన్ చేస్తే పరిగెడుతుంది, కానీ అప్పుడు గీత స్టైల్, యానిమేషన్ లాంటివి వదులుకోవాలి. ఒక్కో పాయింట్ చేర్చుకుంటూ పోకుండా మొత్తం సిరీస్‌ని ఒకేసారి మార్చడం అలవాటు చేసుకోండి, తేడా మీకే తెలుస్తుంది. పైగా క్యూటీ వాళ్లే కొత్త ప్రాజెక్టులను క్యూటీ గ్రాఫ్స్ వైపు నడిపిస్తున్నారు.

ఇమ్‌ప్లాట్ ఇంజనీర్లు తమ కోసం తాము రాసుకునే టూల్స్‌కి బ్రహ్మాండం. రోబో పరీక్షలు, గేమ్ ఇంజిన్లు, అలాంటి చోట్ల. ప్రతి ఫ్రేముకీ తెరంతా కొత్తగా గీస్తుంది కాబట్టి డేటా మారకపోయినా మెషీన్ పనిచేస్తూనే ఉంటుంది. రోజంతా తెరిచి ఉంచే కోల్డ్ స్టోరేజీ కంప్యూటర్‌కి అది ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ ఇవ్వదు.

జావాలో జేఫ్రీచార్ట్ నమ్మకమైన పాత కాపు. జావాఎఫ్ఎక్స్ లైన్‌చార్ట్ వాడితే ప్రతి పాయింట్‌కీ పెట్టే చిన్న గుర్తుల్ని ముందు ఆఫ్ చేయండి. ఒక్కో గుర్తు ఒక్కో నోడ్, వేలు దాటగానే మొరాయిస్తుంది.

ఎలక్ట్రాన్‌తో, అంటే వెబ్ టెక్నాలజీతో, డెస్క్‌టాప్ అప్లికేషన్ చేస్తున్నవాళ్లకి యూప్లాట్ చూడమంటాను. యాభై కేబీ చుట్టూ ఉండే చిన్న లైబ్రరీ, సమయ క్రమంలో ఉన్న డేటాని కాలమ్‌లుగా ఇవ్వమంటుంది, అంతకుమించి ఏమీ చేయనంటుంది. అందుకే వేగం. ప్లాట్లీలో ఎంచుకోవడాలు, హోవర్, ఎక్స్‌పోర్ట్ అన్నీ ఉన్నాయి, బరువూ ఉంది. కేవలం ఒక గ్రాఫ్ కోసం పైథాన్ అప్లికేషన్‌లో వెబ్ ఇంజిన్ పెట్టి ప్లాట్లీ చూపించడం మాత్రం కూరగాయలకి లారీ వేసుకెళ్లడమే. ఇన్‌స్టాలర్ వంద ఎంబీ పైనే పెరుగుతుంది. పల్లెలో ఫోన్ హాట్‌స్పాట్ మీద అప్‌డేట్ దించుకునే కస్టమర్‌ని గుర్తుంచుకోండి.

లైసెన్సు టెన్షన్

ఇది మొదటే చూడాలి, అందరం చివర్లో చూస్తాం. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ది బీఎస్‌డీ తరహా లైసెన్సు. పైక్యూటీగ్రాఫ్, స్కాట్‌ప్లాట్, ఆక్సీప్లాట్, ఇమ్‌ప్లాట్, యూప్లాట్ ఎంఐటీ. కోడ్ బయటపెట్టకుండా అమ్ముకోవచ్చు. క్యూకస్టమ్‌ప్లాట్, క్యూటీ చార్ట్స్ మాత్రం జీపీఎల్ లేదా వాణిజ్య లైసెన్సు. సోర్సు ఇవ్వకుండా కస్టమర్‌కి అమ్మాలంటే డబ్బు కట్టాలి. పైక్యూటీగ్రాఫ్ ఎంఐటీయే గానీ పైథాన్ నుంచి క్యూటీని వాడుకునే దారులు రెండు: దాని కింద పైక్యూటీ వాడితే అది జీపీఎల్ లేదా వాణిజ్యం. పైసైడ్ వాడితే ఎల్‌జీపీఎల్, అది మీ సొంత కోడ్ బయటపెట్టమనదు. కోడ్‌లో తేడా కొన్ని ఇంపోర్ట్ లైన్లే. అమ్మే సరుకైతే మొదటి రోజే పైసైడ్‌తో మొదలుపెట్టండి.

ఏ లైబ్రరీ చూసిపెట్టని మూడు పనులు

మొదటిది తప్పుడు రీడింగులు. డీఎస్18బీ20 అనే చవక ఉష్ణోగ్రత సెన్సర్ వాడినవాళ్లకి మైనస్ 127 బాగా తెలుసు. వైరు ఊడితే ఆర్డుయినో లైబ్రరీ ఇచ్చే విలువ అది. కరెంటు పోయి వచ్చిన వెంటనే, సెన్సర్ ఇంకా కొలవకముందే చదివితే 85 వస్తుంది. ఇప్పుడు మన మిన్-మ్యాక్స్ ఏం చేస్తుంది? కొసల్ని భద్రంగా పట్టుకుంటుంది కదా, ఆ మైనస్ 127ని కూడా అంతే భద్రంగా చూపిస్తుంది. నిలువు అక్షం పాతాళానికి పోతుంది, ఆరు డిగ్రీల గీత పైన దారంలా అతుక్కుపోతుంది. కాబట్టి కడగడం ముందు, పలచన తర్వాత. మైనస్ 127ని నాన్‌గా మార్చండి, సున్నాగా మార్చకండి. సున్నా కోల్డ్ స్టోరేజీలో నిజంగా రాగల విలువ. మీరే సొంతంగా పలచన కోడ్ రాస్తుంటే ఇంకో జాగ్రత్త: నంపైలో మామూలు మిన్, మ్యాక్స్ బుట్టలో ఒక్క నాన్ ఉన్నా నాన్‌నే ఇస్తాయి. నాన్‌మిన్, నాన్‌మ్యాక్స్ వాడాలి. అసలు ఫైలుని మాత్రం ముట్టుకోకండి. ఏ రీడింగ్‌ని ఎవరు, ఎప్పుడు తీసేశారో పక్కన వేరే పట్టికలో రాసుకోండి. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు.

రెండోది సమయం. జీపీయూ మీద గీసే చోట సంఖ్యలు తరచు 32 బిట్ల ఫ్లోట్‌గా మారతాయి. యూనిక్స్ సమయం (1970 మొదటి నుంచి లెక్కపెట్టే సెకన్లు) ఇప్పుడు 170 కోట్ల సెకన్లు దాటింది. అంత పెద్ద సంఖ్య దగ్గర 32 బిట్ల ఫ్లోట్‌కి పక్కపక్క విలువల మధ్య దూరం 128 సెకన్లు. పది సెకన్లకో రీడింగ్ వస్తుంటే పన్నెండు పదమూడు పాయింట్లు ఒకే నిలువు గీత మీద పడి, గ్రాఫ్ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. జూమ్ చేసినప్పుడే బయటపడే రోగం ఇది. మందు సులువే: మొదటి రీడింగ్ సమయాన్ని అన్నింటిలోంచి తీసేసి, మిగిలిన చిన్న సంఖ్యల్ని గీయండి, అక్షం మీద రాసేటప్పుడు మళ్లీ కలపండి. ఇక దాచేది యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), చూపించేది ఐఎస్‌టీలో (మన సమయంలో). ఐదున్నర గంటల తేడా అక్షంలో ఒకచోట, మౌస్ లేబుల్‌లో ఇంకోచోట, ఎక్స్‌పోర్ట్‌లో మరోచోట కలిపారంటే రెండుసార్లు కలిసిన గ్రాఫ్ ఒకటి తప్పకుండా వస్తుంది. మనకి గడియారం ముందుకీ వెనక్కీ జరిపే గొడవ లేదు. అమెరికాలో ఉన్న కస్టమర్‌కి ఇస్తే ఏడాదికి రెండుసార్లు ఆ గంట గుర్తుచేస్తుంది.

మూడోది బయటికి ఇవ్వడం. "ఎక్సెల్‌లో ఇవ్వు" అని ప్రతి కస్టమరూ అడుగుతాడు. ఎక్సెల్ షీటుకి 10,48,576 వరసలే. మన ఏడాది డేటా అందులో మూడో వంతు కూడా పట్టదు. తెర మీద కనిపిస్తున్న భాగాన్నే, పలచన చేయని అసలు రీడింగులతో, సీఎస్‌వీగా ఇచ్చే బటన్ పెట్టండి. ఆపరేటర్‌కి కావాల్సింది ఆ రాత్రి మూడు గంటల డేటానే, ఏడాది కాదు.

ఎంచుకునే ముందు నేను చేసే పరీక్ష

ఏ లైబ్రరీ అయినా ఒక సాయంత్రం చాలు. ఏడాది డేటా ఉన్న ఉత్తుత్తి ఫైలు తయారుచేస్తాను: ఆరు డిగ్రీల చుట్టూ చిన్న అలలు, ఎక్కడో ఒకచోట ఇరవై నిమిషాల పద్నాలుగు డిగ్రీలు, ఒక గంట ఖాళీ, రెండు చోట్ల మైనస్ 127. ఏడాదంతా తెరిచినప్పుడు ఆ లేచిన గీత కనిపించాలి. ఖాళీ మీదుగా గీత కలిసిపోకూడదు. పద్నాలుగు మీద మౌస్ పెడితే నేను ఫైల్లో రాసిన సమయమే సెకనుతో సహా రావాలి. జూమ్ చేస్తుంటే తెర ఆగకూడదు. ఇది నా ల్యాప్‌టాప్‌లో కాదు, కస్టమర్ దగ్గరుండే నాలుగు జీబీ పాత మెషీన్‌లో చూస్తాను.

మా కోల్డ్ స్టోరేజీ అప్లికేషన్ ఇప్పుడు పైసైడ్ మీద పైక్యూటీగ్రాఫ్‌తో నడుస్తోంది, పీక్ పద్ధతిలో. మళ్లీ బిగించిన రోజు ఏడాది గ్రాఫ్ తెరవగానే మార్చి దగ్గర ముల్లులా లేచిన గీత కనిపించింది. బాబాయ్ మౌస్ పట్టుకోలేదు. వాళ్లది టచ్ తెర. వేలు తీసుకెళ్లి సరిగ్గా దాని మీద పెట్టాడు. నేను ముచ్చటపడి కర్సర్ పక్కనే పెట్టిన చిన్న లేబుల్ ఆ వేలి కింద మూతబడింది.

"ఎంతుందో కనపడట్లా" అన్నాడు.

లేబుల్‌ని గ్రాఫ్ పైఅంచుకి, పెద్ద అక్షరాలతో మార్చాను.